ముప్పై ఒకటో పిక్క

ఆ గురువారం పొద్దున్న దర్జీ సింహాద్రి వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదికల్లా అనకాపల్లి మెయిన్‌రోడ్డుకి వెళ్ళి ముప్పై ఆరు మీటర్ల తెల్ల పాప్లిన్ గుడ్డ తేవాలి. సాయంత్రానికి కత్తిరింపు అయిపోవాలి. శుక్ర, శని, ఆదివారాల్లో ఇరవై నాలుగు చొక్కాలు కుట్టాలి. 2006 జూన్ పన్నెండు, సోమవారం నాడు బడి తెరిచే వేళకి అవన్నీ హెడ్మాస్టరమ్మ శాంతికుమారి బల్ల మీద ఉండాలి. ఇంత సులువైన పథకం చెడిపోవాలంటే ఎవరో ఒకరు బాగా కష్టపడాలి. ఆ కష్టమేదో రెండు నెలల ముందే సింహాద్రి స్వయంగా పడి ఉన్నాడు.

"సోమవారం దాటితే రెడీమేడ్ చొక్కాలు తెప్పించేసుకుంటాను సింహాద్రీ. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు" అని ఆవిడ ముందే చెప్పేసింది. ఆ ఆర్డరు పోతే సింహాద్రికి ఇక షాపు లేనట్టే. పదిహేడేళ్ళుగా జనం చేత 'మాస్టారూ' అనిపించుకున్న మనిషి గార్మెంటు కంపెనీలో వరసలో కూర్చుని రోజంతా కాలర్లు మాత్రమే కుట్టాలి. ఆ ఊహ వస్తే అతనికి అన్నం దిగేది కాదు.

రెండు నెలల కిందటి సంగతి చెప్పాలి. సింహాద్రి ఉండేది ఏటిగట్టు కాలనీలో. అరవై ఒక్క ఇళ్ళు, ఒకవైపు ఏరు, ఒకవైపు చెరుకుతోట, రావడానికీ పోవడానికీ ఒకటే దారి. ఏప్రిల్‌లో కాలనీ సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక వచ్చింది. ఇద్దరు నిలబడ్డారు. ఒకరు రోడ్డు కాంట్రాక్టులు చేసి మానేసిన బంగారయ్య. రెండోవాడు కిరాణా కొట్టు అప్పలరమణ. ఇతను సింహాద్రి భార్య తలుపులమ్మకి సొంత అన్నయ్య.

బంగారయ్య చెప్పింది ఒకటే మాట. "దారికడ్డంగా గేటెడతాను. బయటినించి సరుకు తెచ్చి ఇక్కడ అమ్ముకునే ప్రతీవోడూ ఆశీలు కట్టాలి. కట్టేది బయటోళ్ళు, బాగుపడేది మనం!"

ఆ మాట సింహాద్రికి తేనెలా తగిలింది. ఎందుకంటే ఎలమంచిలి నుంచి దేముడు అనేవాడు మోపెడ్ మీద నైటీల మూట వేసుకుని వారానికి రెండుసార్లు వచ్చేవాడు. ఎనభై అయిదు రూపాయలకి నైటీ. గుడ్డ కొని సింహాద్రి చేత కుట్టించుకుంటే నూట ఇరవై అవుతుంది. ఏడాది తిరిగేసరికి కాలనీ ఆడవాళ్ళు సింహాద్రి షాపు ముందునుంచే, సింహాద్రి కుట్టని నైటీల్లో నడిచి వెళ్ళడం మొదలుపెట్టారు. ఒళ్ళు మండిపోదూ మరి?

ఆ కాలనీ ఎన్నికల్లో కాగితాలూ ముద్రలూ ఉండవు. ఇంటికొక చింతపిక్క ఇస్తారు. దుప్పటి చాటున రెండు కుండలు పెడతారు. పిక్క పడిన చప్పుడు బయటికి వినపడకూడదని కుండల అడుగున ఊక పోస్తారు. ఎడమ కుండ బంగారయ్యది, కుడి కుండ అప్పలరమణది. "మా అన్నియ్యకెయ్యి మావా, తప్పకుండా" అని తలుపులమ్మ గుమ్మందాకా వచ్చి మరీ చెప్పి పంపింది. సింహాద్రి సరేనని దుప్పటి చాటుకి వెళ్ళాడు. కళ్ళ ముందు ఎనభై అయిదు రూపాయల నైటీ రెపరెపలాడింది. పిక్క ఎడమ కుండలో పడింది.

లెక్క పెడితే బంగారయ్యకి ముప్పై ఒకటి, అప్పలరమణకి ముప్పై.

మర్నాడే దారికడ్డంగా పెద్ద వెదురు గడ లేచింది. కాపలాకి తాతబ్బాయిని పెట్టారు. ఈయన పూర్వం సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపినవాడు. టిక్కెట్టు లేదని సొంత అల్లుణ్ణే మొదటి ఆటకి వెనక్కి పంపిన చరిత్ర ఉంది. అలాంటి మనిషి చేతిలో గేటు పడితే ఇక చెప్పేదేముంది! చేపల గంపకి అయిదు, కూరల బండికి అయిదు, పెరుగు కుండకి మూడు. బయటోళ్ళు కిక్కురుమనకుండా కట్టారు. కట్టి, లోపలికొచ్చి, నెత్తళ్ళ చేపల వాటా పది నుంచి పన్నెండు చేశారు. వంకాయలు కిలోకి రూపాయి, పెరుగు గిన్నెకి అర్ధరూపాయి పెరిగాయి.

"అదేటే, నిన్న పదేగదా?" అని తలుపులమ్మ చేపలమ్మిని నిలదీసింది.

"గేటుకాడ నాను కట్టిందెవులిత్తారమ్మా, మా అత్త ఇత్తాదేటి?" అంది చేపలమ్మి. అందులో అబద్ధమేమీ లేదు.

అప్పటినుంచి తలుపులమ్మకి రోజూ ఒకటే పారాయణం. వంకాయ తరిగినా, చేప తోమినా, "ఆ ముప్పై ఒకటో పిక్క ఏసినోడి సెయ్యి ఇరిగిపోనూ!" అనేది. సింహాద్రి మిషను ముందు కూర్చుని తన కుడి చేతిని చూసుకునేవాడు. నెల తిరిగేసరికి కాలనీలో ఒక వింత జరిగింది. ఎవరిని అడిగినా "మేం అప్పలరమణకే ఏసేం" అనేవారు. అలా విచారిస్తే అప్పలరమణకి పడిన పిక్కలు అరవై తేలాయి. బంగారయ్య పిక్క ఒక్కటే బంగారయ్యకి పడినట్టు.

ఆశీలు అక్కడితో ఆగలేదు. కాలనీలో కొట్లవాళ్ళు బయటినుంచి తెచ్చుకునే సరుకు కూడా బయట సరుకేనని బంగారయ్య తేల్చాడు. అప్పలరమణ సబ్బులకీ, కందిపప్పు బస్తాకీ కట్టాల్సొచ్చింది. సింహాద్రి దారపు ఉండలకీ, బొత్తాలకీ, గుడ్డకీ కట్టాల్సొచ్చింది. మరి నైటీల దేముడు? వాడు మూడు వారాలు ఆశీలు కట్టాడు. నైటీ తొంభై అయిదు చేశాడు. నాలుగో వారం బంగారయ్య ఇంటి వసారానే అద్దెకి తీసుకుని, ఒకేసారి నాలుగు మూటలు దింపుకుని, "నాను కాలనీ మనిషినే గదా" అని బోర్డు పెట్టేశాడు. నైటీ ధర మాత్రం తొంభై అయిదు నుంచి దిగలేదు. సింహాద్రి ఆ బోర్డు రెండుసార్లు చదివి ఇంటికొచ్చాడు. తప్పు చేశానని అతనికి ఆ రోజే పూర్తిగా తెలిసింది. తెలిసి మాత్రం ఏం చేస్తాడు? ఊకలో పడిన పిక్కని వెనక్కి తీసుకునే ఏర్పాటు సంఘం చేయలేదు.

ఇక గురువారానికి వద్దాం. గుడ్డ మూట భుజాన వేసుకుని పదింటికి సింహాద్రి గేటు దగ్గరికొచ్చాడు. తాతబ్బాయి గడ ఎత్తలేదు.

"రసీదేది?"

"రాయి మామా, డబ్బులిత్తాను."

"రసీదు పుస్తకం పెసిడెంటుగారు అలమర్లో ఎట్టి తాళమేసుకుని ఎలమంచిలి పెళ్ళికెళ్ళేరు. రేపొత్తారు. రసీదు నేకుండా సరుకు లోనకెళ్ళకూడదు."

"మామా, సోమవారానికి చొక్కాలియ్యాల. ఈ రోజు కత్తిరించకపోతే నా షాపు ఎత్తెయ్యాల. మీటరుకి రూపాయి లెక్కన ముప్పై ఆరవుతాది, యాభై తీసుకో."

తాతబ్బాయి చాలా నొచ్చుకున్నాడు. "నా అల్లుణ్ణే పంపేసేన్రా నాను. నువ్వెంత?"

సింహాద్రి మూటని గేటవతల, ఏటిగట్టు మీదున్న మరిడమ్మ గుడి పూజారి ఇంట్లో పెట్టి వచ్చాడు. రేపు బంగారయ్య ఎప్పుడొస్తాడో, వచ్చినా పెళ్ళి భోజనం అరిగేదాకా నిద్ర లేస్తాడో లేదో! అలా ఆలోచిస్తూ ఉండగా డప్పుల చప్పుడు వినిపించింది. ఆ సాయంత్రమే మరిడమ్మ పండగ. గుడి నుంచి ఆడవాళ్ళు ఘటాలు నెత్తిన పెట్టుకుని కాలనీలోకి తెస్తారు. మొదటి ఘటం ఎత్తేది తలుపులమ్మే. అమ్మవారి ఘటానికి ఆశీలు అడిగే ధైర్యం తాతబ్బాయికి కూడా ఉండదు.

"ఘటం కింద బుట్టెడదాం. బుట్టలో గుడ్డ, గుడ్డ మీద వేపాకు, దాని మీద ఘటం" అన్నాడు సింహాద్రి భార్యతో.

తలుపులమ్మ చెంపలు వేసుకుంది. "ఓలమ్మో! అమ్మోరి కింద దొంగసరుకెట్టమంటావేటి మావా?"

"దొంగసరుకేటే, రసీదు నేని సరుకు. అమ్మోరికి మెత్తగా ఉంటాది గూడా."

"కళ్ళు పోతాయి."

"షాపు పోతాది తలుపులూ" అన్నాడు సింహాద్రి. తలుపులమ్మ అతని మొహం చూసింది. పదిహేడేళ్ళుగా ఆ మిషను చప్పుడుతోనే ఆమెకి తెల్లవారుతోంది. వెళ్ళి పెద్ద బుట్ట ఒకటి తెచ్చింది.

అంతా బాగానే ఆలోచించాడు గానీ, సింహాద్రి ఒక్క సంగతి మరిచిపోయాడు. పొలిమేరలో ఘటానికి ఎదురు రావడం ఆ ఊళ్ళ ఆనవాయితీ. ఇంటింటివాళ్ళూ చెంబులతో, బిందెలతో పసుపునీళ్ళు తెచ్చి ఘటం మీద పోస్తారు. ఇదివరకు ఆ పొలిమేర ఎక్కడో ఎవరికీ కచ్చితంగా తెలియక ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పోసేవారు. ఇప్పుడు పొలిమేర స్పష్టంగా తెలుస్తోంది. గేటు పెట్టారుగా!

సాయంత్రం అయిదున్నరకి బంగారయ్య ఇంటివాళ్ళు తప్ప కాలనీ అంతా గేటు దగ్గర బిందెలతో నిలబడ్డారు. తాతబ్బాయి భక్తిగా తాడు లాగాడు. గడ ఒక కొస పైకి లేచింది, రెండో కొస కిందే ఉంది. లేచిన వైపంతా జనం నిండిపోయారు. తలుపులమ్మకి మిగిలింది వంగిన వైపు. బుట్ట ఎత్తు కూడా కలవడంతో ఘటం అంచు గడకి తగిలి ఆగిపోయింది. ముందుకి వెళ్ళలేదు. వెనక డప్పులవాళ్ళు, వెనక్కీ వెళ్ళలేదు. అప్పుడు మొదటి బిందె పడింది.

రెండో బిందె, పదో బిందె, ఇరవయ్యో బిందె. పాప్లిన్ పొడిగా ఉన్నప్పుడు నాలుగు కిలోలు. తడిసి ఎంతయిందో తలుపులమ్మ మెడకే తెలియాలి. ఆమె కాళ్ళు వణికాయి. ఒళ్ళు ఊగింది. పసుపు పడి కళ్ళు ఎర్రబడ్డాయి. జనంలో ఎవరో "అమ్మోరు పూనిందర్రా!" అని అరిచారు. అంతే, డప్పులు రెట్టింపయ్యాయి, బిందెలు కూడా.

"అమ్మా! ఏటి లోటు సేసేం తల్లీ? సెప్పమ్మా!" అని ఒక ముసలామె చేతులు జోడించింది.

"గడ తియ్యండ్రా! మెడ ఇరిగిపోతంది!" అని తలుపులమ్మ కేక పెట్టింది. ఆమె తన మెడ గురించే అంది. అక్కడున్న వందమందీ మాత్రం అమ్మవారి మెడ అనుకున్నారు. డప్పులు ఠక్కున ఆగాయి.

ముందుగా నేల మీద పడింది ఎవరనుకున్నారు? అప్పలరమణ. "తప్పైపోనాది తల్లీ! ఆ ముప్పై ఒకటో పిక్క నాదే!"

"నీదా?" అంది తలుపులమ్మ. నేల మీద పడ్డవాడికి బుట్ట కింద మొహం కనపడక, ఆ గొంతు గంభీరంగానే వినిపించింది.

"నాదే తల్లీ! బయట బండోళ్ళు రాకపోతే అందరూ నా కొట్లోనే కొంటారనుకున్నాను. గెలిత్తే పెసిడెంటుని, ఓడితే గిరాకీ, ఎలగైనా నాబమే అనుకున్నాను. నా పిక్క నేనే ఎడం కుండలో ఏసుకున్నాను. ఇప్పుడు కందిపప్పుకి ఆశీలు కట్టలేక సత్తన్నాను!"

తన ఒక్క పిక్కతో తానే ఓడిపోయిన మనిషిని ఆ కాలనీ అంతకుముందు చూడలేదు. ఆశ్చర్యపోవడానికి కూడా తీరిక లేకపోయింది. ఇడ్లీలమ్మే ఇంటామె ముందుకొచ్చింది, బయటి టిఫిన్ బండి ఒక్కటి ఆగితే చాలనుకుందట. కోళ్ళు పెంచే ఇంటాయన గుడ్లవాడొక్కణ్ణే ఆపుదామనుకున్నాడట. పాలవాళ్ళ ఇంటివాళ్ళు పెరుగమ్మిని. ప్రతివాళ్ళూ ఒక్క బండినే ఆపాలనుకున్నారు, మిగతావన్నీ ఎప్పటిలా వస్తాయనుకున్నారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చెంపలు వేసుకుంటూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళని తాతబ్బాయి టిక్కెట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టాడు. ముప్పై నలుగురు వచ్చారు. కుండలో పడింది ముప్పై ఒకటే. భయానికి వేయనివాళ్ళు కూడా ఒప్పుకున్నారని అర్థం.

"ఇంకెవుడు?" అంది తలుపులమ్మ.

సింహాద్రి గుంపులో నిలబడి ఉన్నాడు. పూనకం కాదని, బుట్టలో పాప్లిన్ ఉందని ఆ జనం మొత్తంలో తెలిసినవాడు అతనొక్కడే. నోరు మూసుకుంటే సరిపోయేది. బోలెడుమంది ఒప్పుకున్నారు, ఇక అతన్ని అడిగేవాడు లేడు. కానీ భార్య మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. చెంపల మీంచి పసుపునీళ్ళు ధారలు కడుతున్నాయి. అతని షాపు కోసం, అతని మాట మీద ఆ బరువు మోస్తోంది. అతనికి సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఏడుపు కూడా వచ్చింది.

"నేనూ ఏసేను" అన్నాడు ముందుకొచ్చి. "నైటీల దేముణ్ణి ఆపుదామనుకున్నాను. నీకు మాటిచ్చి నీ అన్నకెయ్యలేదు. తప్పైపోనాది."

బుట్ట ఒక్క క్షణం ఊగడం ఆగింది. తిట్టు పడుతుందని సింహాద్రి కళ్ళు మూసుకున్నాడు. తిట్టు పడలేదు.

"గడ తియ్యండ్రా" అంది తలుపులమ్మ మెల్లగా.

పదిమంది కలిసి గడని గుంజలతో సహా పెకలించేశారు. తాడు కోసింది తాతబ్బాయే. పీకిన గడని ఎక్కడ పెట్టాలో తెలియక, గేటుకి మొదటిల్లు కనక సింహాద్రి ఇంటిముందు పడేసి, ఘటం వెనక నడిచారు.

ఊరేగింపు అయి ఇంటికొచ్చి బుట్ట విప్పితే ముప్పై ఆరు మీటర్లూ బంతిపువ్వు రంగులో ఉన్నాయి. సింహాద్రి నేల మీద కూలబడ్డాడు. తెల్లచొక్కాల బడికి ఈ గుడ్డ ఎవరిక్కావాలి? లేచి సబ్బు అందుకోబోయాడు. తలుపులమ్మ చేతిలోంచి లాగేసుకుంది.

"సబ్బు తగిలితే ఎర్రగా పారాణైపోతాది. ఒట్టి నీళ్ళలో జాడించి ఎండలో ఎయ్యి. ఎండకి పసుపు నిలవదు." ఆ రాత్రి ఆమె అన్నది అంతే. పిక్క మాట ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున్నే గుడ్డని ఇరవై నాలుగు ముక్కలు చేసి, రెండు గుంజల మీద ఆ గేటు గడనే ఎక్కించి వరసగా ఆరేశారు. జూన్ ఎండ ఆ ఒక్కరోజూ సింహాద్రి పక్షాన ఉంది. మధ్యాహ్నం ఎలమంచిలి నుంచి దిగిన బంగారయ్య గేటు లేని దారినీ, గడ మీద తెల్లబడుతున్న గుడ్డల్నీ చూసి నిలబడిపోయాడు.

"ఎవుడు తీసేడ్రా?"

"అమ్మోరు తియ్యమన్నాది బాబూ" అన్నాడు తాతబ్బాయి.

"రసీదు రాసేవా?"

"పుస్తకం మీ అలమర్లోనే ఉండిపోనాది గదా బాబూ."

బంగారయ్య చుట్టూ చూశాడు. అరవై ఇళ్ళ గుమ్మాల్లోంచి అరవై ఇళ్ళవాళ్ళు ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు.

శని, ఆదివారాలు సింహాద్రి మిషను తొక్కుతూనే ఉన్నాడు. తలుపులమ్మ పక్కన కూర్చుని కాజాలు కుట్టింది, బొత్తాలు కుట్టింది, మాట మాత్రం మాట్లాడలేదు. ఒక మాట అనేస్తే బాగుండునని రెండుసార్లు దగ్గాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది.

సోమవారం శాంతికుమారి ఒక చొక్కా విప్పి వెలుతురులో పెట్టి చూసింది. కాలరు మడతలో కాస్త పసుపు ఛాయ మిగిలి ఉంది. సింహాద్రి మిగతా చొక్కాల కాలర్లు కిందికి తిప్పి పెట్టాడు.

"కొత్తబట్టలకి పసుపు పెట్టి మరీ తెచ్చావా! ఈ రోజుల్లో ఎవరు పాటిస్తున్నారయ్యా ఇవన్నీ" అని ఆవిడ మురిసిపోయి, ఆడపిల్లల గౌన్లు పద్దెనిమిది కూడా అతనికే ఆర్డరు రాసింది.

సింహాద్రి గాల్లో నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. వస్తూ వస్తూ ఒక నిర్ణయానికి కూడా వచ్చాడు. ముందు తలుపులమ్మకి ఒక మంచి నైటీ కుట్టిపెట్టాలి, ఆ తర్వాతే గౌన్లు. గుమ్మం ముందుకి వచ్చి ఆగిపోయాడు. గడ మీద ఇప్పుడు తెల్లగుడ్డ లేదు. ఒక గులాబీరంగు పువ్వుల నైటీ, ఒక నీలం చారల నైటీ ఆరుతున్నాయి. కుట్టు చూడగానే తెలిసిపోయింది. దేముడి సరుకు.

"ఇవెవరివి?"

"నావే" అంది తలుపులమ్మ వంటింట్లోంచి. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. "పెట్టెలో అడుగున దాసేను. నువ్వు గేటుకాడ అందరి ముందూ ఒప్పేసుకున్నావు. మరి నేనెలగ దాసుకుంటాను? ఆ రోజు నుంచీ నోరు రావట్లేదు మావా."

"దర్జీవోడి పెళ్ళానివి, రెడీమేడ్ కొన్నావేటే?"

"ఆరేళ్ళనించి కుట్టమంటన్నాను. ఎప్పుడూ రేపే గదా."

సింహాద్రి గడ దగ్గరికి వెళ్ళాడు. గులాబీరంగు నైటీ అంచు పట్టుకుని కుట్టు చూశాడు. వాడి కుట్టు బాగానే ఉంది, అదొక బాధ. "ఎంతకి కొన్నావు?" అన్నాడు చివరికి.

"గులాబీది ఓట్లకి ముందు, ఎనభై అయిదు. నీలంది ఓట్ల తర్వాత, తొంభై అయిదు."

"రెండూ ఒకటే గుడ్డ గదా! పదెందుకెక్కువిచ్చేవు?"

"ఆ పదీ నీ పిక్క మావా" అంది తలుపులమ్మ, అన్నం వడ్డిస్తూ.